కారణం రాయని ఉత్తర్వు

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, జులై నెల రెండో సోమవారం, పగలు పదకొండు కావడానికి పది నిమిషాలుంది. ఆఫీసరు కుర్చీ వెనక గోడకి గడియారం ఉంది గనక ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. నాకప్పటికి అక్షరమ్ముక్క రాదు గానీ గడియారం చూడడం వచ్చు. ఓడరేవులో షిఫ్టు పని చేసేవాడికి అది రాకపోతే కూడు లేదు. ఆ గదిలో ఆ నిమిషాన మా బావ పేరు మట్టిలో కలిసింది. నేను ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను. చెప్పాల్సిన మాట చెప్పలేదు.

బావ అంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆయనా నేనూ ఒకే గ్యాంగు. ఆయన ఓడ మీద వించి నడిపేవాడు. ఓడ అడుగునుంచి బస్తాలని తాడుతో పైకి లాగే యంత్రం అది. నడిపేవాడికి అడుగున ఏం జరుగుతోందో కనబడదు. ఓడ నడుమ తెరిచిన గుంత అంచున ఒకడు నిలబడి చేత్తో సైగ చెయ్యాలి. బొటనవేలు పైకి పెడితే ఎత్తమని, కిందకి పెడితే దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని. ఆ సైగ చేసేవాణ్ణి నేను. అడుగున మా మనుషులు పనిచేస్తుంటారు. నా వేలు ఒక్కసారి తప్పు చెబితే ఎవడి నెత్తి మీదో గోధుమ బస్తాలు పడతాయి. మా బావ నా ముఖం చూసేవాడు కాదు, వేలే చూసేవాడు. ఎందుకని అడిగేవాడూ కాదు.

"నీ ఏలు సెప్పిందంటే ఇంక నాకు కళ్ళెందుకు బావా" అనేవాడు. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు.

ఓడరేవు కళాసీలం అందరం కలిసి ఒక పరపతి సంఘం పెట్టుకున్నాం. జీతంలోంచి ప్రతి నెలా కొంత దాచుకోవడం, అవసరం వచ్చినవాడికి తక్కువ వడ్డీకి అప్పివ్వడం. అంతకుముందు జీతాల రోజున వడ్డీ వ్యాపారులు గేటు దగ్గర కాపు కాసేవారు. సంఘం నిలదొక్కుకున్నాక వాళ్ళు గేటు దగ్గర టీ తాగి, ఎవరితోనో మాట్లాడినట్టు నటించి, ఇంటికి పోవడం మొదలైంది. మా బావ ఎనిమిదో తరగతి దాకా చదివాడు కాబట్టి సెక్రటరీ ఆయనే. జీతం లేదు. రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు, అందులో ఒక బల్ల, ఒక ఇనప బీరువా. డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, అక్కడికెళ్ళి కూర్చునేవాడు. కమిటీలో నన్ను కూడా వేశారు. సెక్రటరీ బావమరిదినని వేశారంతే, నాకేమీ తెలిసి కాదు.

ఇప్పుడు మా వాళ్ళ అలవాటొకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

గోనె సంచీ, పొటాషు ఎరువూ, గంధకమూ ఏళ్ళ తరబడి మోస్తే మనిషి వేలి మీద గీతలు అరిగిపోతాయి. సిరాలో ముంచి కాగితం మీద పెడితే మచ్చ పడుతుంది గానీ ముద్ర పడదు. ముద్ర సరిగ్గా లేదని ఆడిటు మనిషి అప్పు కాగితాలు తిప్పి పంపేవాడు. తిప్పి పంపితే అప్పు ఇంకో నెలకి గానీ అందదు. పెళ్ళాం ఆసుపత్రిలో ఉన్నవాడికి ఇంకో నెలంటే ఎలా? నేనేమో బస్తా ముట్టేవాణ్ణి కాదు. సైగ చేసే చెయ్యి గనక శుభ్రంగా ఉండేది, నా వేలు అచ్చు పడ్డట్టు పడేది. అందుకని బీడీ బదులడిగినట్టే నా వేలు బదులడిగేవారు.

"ఒరే అల్లుడా, నీ ఏలు కాసింత బదులియ్యరా. నాది సూడు, గాజుముక్కలాగ నున్నగైపోనాది" అనేవాడు మా గ్యాంగులో అందరికంటే పెద్దాయన. వరసకి నాకు మావ.

"ఇత్తాను గానీ మావా, వడ్డీ ఏటిత్తావు?"

"వడ్డీకి నాలుగు తిట్లు తిడతాను. సాల్దేటి?"

షెడ్డులో అందరూ నవ్వేవారు. నేను వేలు పెట్టేవాణ్ణి. అప్పు తీసుకునే మనిషి అక్కడే నా పక్కనే ఉండేవాడు. డబ్బు వాడి చేతిలోనే పడేది. నెలనెలా వాడే తీర్చేవాడు. మా బావ కూడా అన్నీ చూస్తూనే ఉండేవాడు. "మడిసి ఎదురుగున్నాడు, డబ్బు ఆడి సేతిలో పడింది, ఇంకేటి కావాల" అని తోసేసేవాడు. అలా ఎంతమంది పేర్ల కింద నా ఒక్కడి వేలే ఉందో నేను ఏనాడూ లెక్క చూసుకోలేదు. తప్పు పనని మాకు తోచనే లేదు. ఒకడి కావిడి ఇంకొకడు మోసినట్టే అనుకున్నాం.

ఆ ఏడాది మొదట్లో, మా సంఘంలాంటి వాటి మీద అజమాయిషీ చేసే సర్కారు ఆఫీసు నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా ఉండేవాడు, మాట తక్కువ. బీరువాలో కాగితాలన్నీ బల్ల మీద పెట్టించుకుని చూశాడు. మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు. మా అప్ప పంపిన మజ్జిగ తాగి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. పెద్దమనిషిలా ఉన్నాడే అనుకున్నాం.

ఎండాకాలం ముదిరాక ఉత్తర్వొచ్చింది. ఒకే కాగితం, టైపు కొట్టింది. బావ షెడ్డు గుమ్మంలో నిలబడి చదివాడు. విచారణలో వెల్లడైన అంశాల దృష్ట్యా, సభ్యుల ప్రయోజనాల పరిరక్షణ నిమిత్తం, ఈ సంఘం కమిటీని తక్షణం రద్దు చేయడమైనది. సెక్రటరీ ఇకమీదట ఏ సంఘంలోనూ ఏ పదవిలోనూ ఉండరాదు. ఆఫీసు నియమించిన ఇన్‌చార్జి బాధ్యతలు స్వీకరిస్తారు. కింద సంతకం.

"మిగతాది సదువు" అన్నాను.

"ఇంతే."

"ఏటి సేసినామని?"

"అది లేదు."

నేను నమ్మలేదు. మా పేట బడి పంతులుగారి దగ్గరికి తీసుకెళ్ళి చదివించాను, అదే చదివాడు. యూనియన్ ఆఫీసులో చదివించాను, వాళ్ళూ అదే. అసలు మాటేదో అందులో ఉంది, నా మొహం చూసి జాలిపడి అందరూ దాస్తున్నారు అనుకున్నాను. సర్కారు ఒక మనిషిని తీసేస్తూ ఎందుకు తీసేసిందో రాయకుండా ఉంటుందా? మా మేస్త్రీ రోజుకూలీని మానిపించినా "రాత్రి తాగొచ్చావు, రేపు రాకు" అంటాడే!

ఆఫీసు రాయని కారణాన్ని మా పేట రాసుకుంది. నాలుగైదు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. తరవాత కుళాయి దగ్గర మొదలైంది. బావ ఇంటికి కొత్తగా సిమెంటు అరుగు ఎక్కణ్ణించి వచ్చింది? అప్ప చెవులకి కమ్మలెక్కణ్ణించి వచ్చాయి?

"కమ్మలు కొత్తవేటమ్మా?" అని ఒకావిడ బిందె కింద పెట్టి మరీ అడిగింది.

"పాతవేనమ్మా, తాకట్టు కొట్లోంచి ఇడిపించుకున్నాం. నీ కళ్ళే కొత్తవి" అంది మా అప్ప.

అప్పటికి జవాబు బాగానే చెప్పింది. ఇంటికొచ్చి కమ్మలు తీసి డబ్బాలో వేసేసింది. మళ్ళీ పెట్టుకోగా నేను చూడలేదు.

తరవాత మేస్త్రీ వచ్చాడు. మంచివాడే. అరుగు మీద కూర్చోలేదు. ఆ సిమెంటు అరుగు మీద కూర్చోలేదని మేమందరం గమనించాం. నిలబడే మాట్లాడాడు.

"నీ మీద నాకేటీ లేదు. కానీ అడుగున దిగీ కుర్రోళ్ళు జడుత్తన్నారు. డబ్బు దగ్గర సెయ్యి నమ్మలేనోడి సేతిలో తాడెట్టి మమ్మల్ని కిందకి దిగమంతావేటి అంతన్నారు."

"నాను తిన్నానంతావా?"

"నానన్లేదు. ఆపీసోళ్ళు ఏదో సూసే కదా తీసీసినారు. అదేదో కనుక్కోని రా. ఇదీ సంగతి, ఇందుకే తీసీసినారు అని ఒక్క మాట తే. నాను కుర్రోళ్ళకి సెప్పుకుంటాను. అందాకా నువ్వు యార్డులో పని సూసుకో."

ఓడ దింపి, ఒడ్డున సరుకు పేర్చే యార్డుకి పంపడం అంటే మాలో చిన్న శిక్ష కాదు. బావ ఆ రాత్రే అర్జీ రాశాడు. రాస్తూ నాతో అన్నమాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

"తిన్నావని రాసినా పర్లేదు బావా. రాయమను. తిన్లేదని రుజువు సేసుకుంటాను. రాయని దానికి ఏటని రుజువు సేత్తాను?"

అర్జీ మీద పిలుపొచ్చింది. సెక్రటరీ, ఒక కమిటీ సభ్యుడు వచ్చి చెప్పుకోవచ్చని. అలా నేను వెళ్ళాను. అప్ప కూడా బయల్దేరింది. కేరేజీలో అన్నం పెట్టుకుని, ఎంతసేపవుతుందో అని. ఆఫీసు మేడమీద. మెట్ల దగ్గర ప్యూను ఆవిణ్ణి ఆపేశాడు.

"నీకు లోపల పనేటమ్మా? ఇక్కడ కూకో."

"కూకుంటాను నాయనా. ఆ తలుపు మాత్రం ఎయ్యకు."

ప్యూను తలుపు వేశాడు.

లోపల ఆఫీసరు, ఆయన పక్కన మజ్జిగ తాగిన ఇన్‌స్పెక్టరు, మూల టైపు మిషను దగ్గర ఒకాయన. ఆఫీసరు చెడ్డవాడని చెప్పలేను. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోమన్నాడు. మాకు అలవాటు లేక అంచున కూర్చున్నాం. ఫ్యాను ఇంకాస్త పెంచమని టైపు ఆయనతో అన్నాడు.

"చెప్పండి."

"సెప్పడానికి కాదు బాబూ, ఇనడానికొచ్చినాం" అన్నాడు బావ. "నాను ఏటి సేసినానో మీరు సెప్తారని."

"ఉత్తర్వు అందింది కదా?"

"అందింది బాబూ. ఇచారణలో ఎల్లడైన అంశాలు అనుంది. ఆ అంశాలేటో లేదు."

"అది ఆఫీసు రికార్డు. బయటికివ్వరు."

"బయటోడికొద్దు బాబూ. నాకు."

ఆఫీసరు కొంచెం నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "చూడవయ్యా. ఫలానా లోపం దొరికిందని రాశామనుకో. రేపు పేపర్లో పడుతుంది. దాచుకున్నవాళ్ళందరూ ఒక్కసారిగా వచ్చి మా డబ్బు మాకిమ్మంటారు. సంఘం నిలుస్తుందా? నీ సంఘం మంచికే రాయలేదు. నీ మంచికి కూడా."

"రాయకపోయినా వొచ్చినారు బాబూ. మీ ఆపీసుకి రాలేదు, మా ఇంటికొచ్చినారు."

టైపు చప్పుడు ఆగింది. ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. విసుగొచ్చినట్టుంది.

"చేసింది మీరు. ఏం చేశారో మీకే తెలియాలి. నన్నడుగుతారేమిటి?"

అంతవరకూ నా వేలి సంగతి నాకు గుర్తే లేదు. గుర్తు లేదంటే అబద్ధం. ఉంది, కానీ తప్పుల వరసలో లేదు. ఏం చేశారో మీకే తెలియాలి అనేసరికి, మేం ఏం చేశామా అని వెతుక్కుంటే, నాకు కనబడింది అదే. అన్ని పేర్ల కింద ఒకే వేలు. తెలియనివాడు చూస్తే ఏమనుకుంటాడు? లేని మనుషుల పేర్లు పెట్టి సెక్రటరీ డబ్బు లాగేశాడని అనుకోడూ? ఇన్‌స్పెక్టరు అడిగుంటే ఆ మనుషులందరినీ వరసగా నిలబెట్టేవాళ్ళం. అడగలేదు.

"ఇంకెవరైనా చెప్పుకునేది ఉందా?" అని ఆఫీసరు నా వైపు చూశాడు.

అప్పుడే గడియారం చూశాను. పదకొండుకి పది నిమిషాలు.

చెప్పొచ్చు. ఆ వేలు నాది బాబూ, మా అలవాటిది, ఆ మనుషులందరూ ఉన్నారు, పిలిపిస్తాను అని. కానీ వాళ్ళ కారణం అది కాకపోతే? వాళ్ళు పట్టుకున్నది ఇంకేదో అయితే? వాళ్ళకి తెలియని తప్పుని నా నోటితో నేనే అందించినట్టవుతుంది. అప్పుడు బావ నెత్తిన రెండు నేరాలు పడతాయి. నిందేమిటో చెప్పకుండా జవాబు చెప్పమంటే, జవాబు చెప్పేవాడు ముందు తన మీద తనే నింద వేసుకోవాలి. ఇంత విడమరిచి అప్పుడు అనుకోలేదు. అప్పుడు నాకు తెలిసింది చెమట ఒకటే. చెయ్యి బల్ల మీద ఉంది. నోరు తెరవబోయాను.

బావ తన చెయ్యి తెచ్చి నా చేతి మీద వేసి, గట్టిగా బిగించాడు.

మా భాషలో పిడికిలి బిగిస్తే ఆపమని. ఇన్నేళ్ళు నా సైగ ఆయన విన్నాడు, ఆయన సైగ నేను ఒక్కసారి వినలేనా? ఆగిపోయాను.

"ఏమీ లేదు బాబూ" అన్నాను.

"అయితే ఉత్తర్వు ఖాయం" అన్నాడు ఆఫీసరు. కళ్ళజోడు పెట్టుకున్నాడు.

కిందకి దిగితే అప్ప లేచి నిలబడింది. "ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు" అన్నాడు బావ.

"ఏటీ అనకుండా ఇంతసేపేటి?" మమ్మల్ని తోసుకుని మెట్లెక్కి పైకి అరిచింది. "ఓ బాబూ! మా ఆయన దొంగా, కాదా? ఒక్క మాట సెప్పండి! దొంగైతే నానే ఇంట్లోంచి గెంటీసుకుంటాను. కాకపోతే కాదని సెప్పండి!"

ఎవరూ బయటికి రాలేదు. కాసేపటికి ఇన్‌స్పెక్టరు దిగొచ్చి, "ఎండ ముదరకముందు వెళ్ళిపోండమ్మా" అని మెల్లగా అని పక్కనించి వెళ్ళిపోయాడు. కేరేజీ విప్పకుండానే ఇంటికి తెచ్చుకున్నాం.

మేస్త్రీకి తీసుకెళ్ళడానికి బావ దగ్గర ఒక్క మాట లేకపోయింది. దీపావళి దాకా యార్డులో ఉన్నాడు. పలకరించేవాళ్ళు పలకరించేవారు గానీ, ఆయన దగ్గరకొచ్చేసరికి జేబులు సర్దుకునేవారు. కావాలని కాదు, చెయ్యి దానంతటదే పోయేది. ఒకనాడు పనికి సెలవు చెప్పేసి, అప్పనీ పిల్లల్నీ తీసుకుని సబ్బవరం దగ్గర వాళ్ళ అన్నగారి ఊరెళ్ళిపోయాడు. అక్కడ చెరకు గానుగ దగ్గర బెల్లం వండడం. వించి నడిపిన చేత్తో గరిటె పట్టాడు.

నేను మాత్రం ఆ కాగితం దగ్గరే ఉంచుకున్నాను. ఇన్‌చార్జి అడిగితే పోయిందన్నాను. మా పేట చర్చి వరండాలో ఒక టీచరమ్మ సాయంత్రాలు పెద్దవాళ్ళకి చదువు చెప్పేది. నలభై దాటాక పలక పట్టుకుని వెళ్ళాను.

"ఎందుకు నేర్చుకుందామనుకుంటున్నారు?" అని అడిగింది.

"ఒక కాగితం సదవాలమ్మా."

"నేను చదివి పెట్టనా?"

"అందరూ సదివి పెట్టినారమ్మా. నానే సదవాల."

నాకు బుర్ర మొద్దు. గుణింతాల దగ్గరే ఒక వానాకాలం పోయింది. ఒత్తులొచ్చేసరికి మా వీధి కుర్రాళ్ళు నన్ను దాటి పోయారు, స్టీలు ప్లాంటు పనుల్లో చేరడానికి దరఖాస్తులు నింపుకుంటున్నారు. చివరికొక ఆదివారం, ఎవరూ లేకుండా చూసుకుని, ఆ ఉత్తర్వు తీసి వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాను. విచారణలో. వెల్లడైన. అంశాల. దృష్ట్యా. మళ్ళీ చదివాను. వెనక్కి తిప్పి చూశాను, తెల్లగా ఉంది. ఇన్నేళ్ళూ అందరూ నాకు నిజమే చెప్పారు. అందులో ఏమీ లేదు. అది చదవడానికి చదువు నేర్చుకున్న వెధవని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అయినా ఆ ఏమీ లేని చోట నాకు నా వేలే కనబడేది.

ఒక మాట చెప్పాలి. ఆఫీసులు ఉండకూడదని నేననడం లేదు. మా ఊళ్ళోనే జనం దాచుకున్నది మింగి రాత్రికి రాత్రి పారిపోయినవాళ్ళున్నారు. అజమాయిషీ లేకపోతే మాలాంటివాళ్ళు బతకలేరు. ఒకే వేలు అంతమంది పేర్ల కింద పెట్టడం తప్పే, ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ మాట రాసుంటే తల వంచుకుని నాదే అని చెప్పేవాణ్ణి. ఓడ మీద నేనూ సైగలతో హుకుం చేసినవాణ్ణే. పని జరిగేటప్పుడు ఎందుకని ఎవడూ అడగడు, అడిగితే పని సాగదు. కానీ తాడు తెగి ఒక్క బస్తా పడిందా, పొద్దు దిగకముందే మేస్త్రీ నన్ను నిలబెట్టేవాడు. ఎందుకెత్తమన్నావు, నీకేం కనబడింది, చెప్పు అని. చెప్పేవాణ్ణి. అడుగున ఉన్నవాళ్ళందరూ వినేవారు. వింటేనే మర్నాడు దిగేవారు. కారణం రాయడం తప్పు చేసినవాడికి చేసే మర్యాదనుకుంటారు. అది తప్పు చెయ్యనివాళ్ళని అనుమానంలోంచి విడిచిపెట్టడం.

ఇది నాకు తెలిసొచ్చింది ఎనభై ఆరులో. ఆ ఏడాది ఇంకో ఉత్తర్వొచ్చింది. పూర్వపు ఉత్తర్వును ఉపసంహరించడమైనది అని. అంతే. తీసేసినప్పుడు ఎందుకో రాయలేదు, తిరిగిచ్చినప్పుడూ ఎందుకో రాయలేదు. షెడ్డు దగ్గర ఈసారి నేనే గట్టిగా చదివి వినిపించాను. నేను చదవగలనని కొందరికి అప్పుడే తెలిసింది.

"ఎవుడికో సెయ్యి తడిపుంటాడు" అన్నాడు వెనక నుంచి ఒకడు. పేరు తిరిగొచ్చిందనుకుంటే అదీ సంగతి.

అందరూ వెళ్ళాక పెద్దాయన, గాజుముక్కలాంటి వేలున్న మావ, నా పక్కన కూలబడ్డాడు. అప్పటికి పని మానేశాడు, చూపు కూడా మందగించింది.

"అల్లుడా, ఒక మాట. ఎవులికీ సెప్పకు. అదంతా నా మూలానే అయింది."

"ఏటి మావా?"

"ఇంటి కప్పుకని అప్పెట్టుకున్నాను కదా. కప్పెయ్యలేదురా. ముసల్దాని మందులకి అయిపోనాది. ఆ ఇనస్పెట్రు మా ఇంటి ముందు నుంచి ఎల్తా కప్పుకేసి సూసేడు. ఆడు సూసిన సూపు నాను మర్సిపోలేదు. మీ బావ బతుకు నానే తీసీసినాను."

ఏడేళ్ళు ఆయన ఆ పాత కప్పు కింద అలా పడుకున్నాడు. నేను నా వేలితో పడుకున్నాను. ఆ పేటలో ఇంకా ఎన్ని ఇళ్ళల్లో ఎవరెవరు దేనితో పడుకున్నారో నేనడగలేదు.

ఆ ఉత్తర్వు పట్టుకుని మర్నాడే సబ్బవరం బస్సెక్కాను. బావ గానుగ దగ్గరున్నాడు. పెనంలో చెరకురసం పొంగుతోంది. జుట్టు నెరిసిపోయింది. ఉత్తర్వు చదువుకుని, మడిచి చెవిలో బీడీలా పెట్టుకుని, మళ్ళీ గరిటె పట్టాడు.

"దొంగననీ సెప్పలేదు, కాననీ సెప్పలేదు" అన్నాడు. "మరి రమ్మంతన్నారేటి?"

"రమ్మనీ లేదు."

"సర్లే. మీ అప్పకి సూపించకు. మళ్ళీ మెట్లెక్కి అరుత్తాది."

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నది అడిగేశాను.

"బావా, ఆ రోజు ఆపీసులో నా సెయ్యెందుకు పట్టుకున్నావు? ఏలి సంగతి సెప్పొద్దనే కదా?"

"ఏ ఏలు?"

"నా ఏలు బావా. అందరికీ బదులిచ్చిన ఏలు. అదేమో అనుకుని సెప్పబోయాను. నువ్వు పిడికిలి బిగించినావు. ఆపమన్నావనుకుని ఆగిపోయాను."

గరిటె తిప్పడం ఆపేశాడు. పెనం పక్కన ఉన్న వాళ్ళ అన్న "అడుగంటుద్ది" అని కేకేశాడు. మళ్ళీ తిప్పుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"నాకా ఏలి సంగతే గుర్తు లేదు బావా. నీ సెయ్యి వణుకుతంది. బల్ల మీద కాయితాలు టపటపా కొట్టుకుంతన్నాయి. ఆళ్ళు సూత్తారని పట్టుకున్నాను. అంతే."

గరిటె ఇంకో చుట్టు తిప్పి, "సెప్పుంటే పోయీది" అన్నాడు. వచ్చేటప్పుడు అప్పుడే ఆరుతున్న బెల్లం అచ్చు తీసి గుడ్డలో కట్టిచ్చాడు. దారంతా అది నా ఒళ్ళో వెచ్చగా ఉంది.

నా వేలే కారణమా, మావ ఇంటి కప్పా, ఇంకేదైనానా, నాకు ఈనాటికీ తెలియదు. ఆ ఆఫీసరు రిటైరయ్యి పోయాడని విన్నాను. ఆ రికార్డు ఏ బీరువాలో చెదలు తిన్నదో. ఇప్పుడు పేపర్లో అలాంటి వార్త వస్తే కళ్ళజోడు పెట్టుకుని అడుగు దాకా చదువుతాను. ఫలానా సంస్థ మీద చర్య తీసుకున్నారు అని ఉంటుంది. ఏం చేశారని తీసుకున్నారో వెతుక్కుంటాను. ఉంటే ఎవరిదో ఒక ఇంట్లో ఒక మనిషి ఈ రాత్రి నిద్రపోతాడనుకుంటాను. లేకపోతే పేపరు మడిచేస్తాను.

ఆ సోమవారం అక్కడున్నవాళ్ళు వీళ్ళు. బల్లకి అవతల ఆఫీసరు. ఆయన పక్కన, అంతా తెలిసి ఒక్క మాట మాట్లాడని ఇన్‌స్పెక్టరు. మూల, మిషను ఆపిన టైపు ఆయన. తలుపు బయట ప్యూను. మెట్ల మీద, ఒళ్ళో కేరేజీ పెట్టుకుని, బోసి చెవులతో మా అప్ప. బల్లకి ఇవతల కుర్చీ అంచున మా బావ. ఆయన చేతి కింద నా చెయ్యి. దాని పక్కన నేను.